నంబరు అడిగే కార్డు నుంచి నంబరు ఇచ్చే కార్డు దాకా

మొదటి వారం

మందిరం ఆఫీసు గదిలో బీరువా సర్దుతుంటే రబ్బరు బ్యాండ్లు వేసిన కార్డుల కట్టలు మూడు బయటపడ్డాయి. కొత్తగా ఆరాధనకు వచ్చినవాళ్లు నింపి ఇచ్చిన కార్డులవి. అడుగున ఉన్న కట్టకు వేసిన బ్యాండు ఎండిపోయి కార్డులకే అంటుకుంది, లాగితే పొడిపొడిగా రాలింది. పైకి వచ్చిన ఒక కార్డు మీద నీలం ఇంకుతో ఇలా రాసి ఉంది: "మా అబ్బాయి కోసం ప్రార్థన చేయండి. వీలైతే ఒకసారి ఫోన్ చేయండి." కింద నంబరు. ఎవరైనా ఫోన్ చేశారని తెలిపే గుర్తేదీ ఆ కార్డు మీద లేదు. నేను చేశాను. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కార్డు నేను తీసుకున్నది కాదు. కానీ పై కట్టలో నా చేత్తో తీసుకున్న కార్డులు కూడా ఉన్నాయి. "తప్పకుండా ఫోన్ చేస్తాం" అని నవ్వుతూ చెప్పి తీసుకున్నవే.

మర్నాడు కూర్చుని అన్నీ చదివాను. పేరు దాదాపు అందరూ రాశారు. చిరునామా దగ్గర చాలామంది ఆగిపోయారు. ఫోన్ నంబరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లు నేను అనుకున్నదానికంటే ఎక్కువే. కానీ నంబరు ఇవ్వని కార్డుల్లో కూడా 'ప్రార్థన మనవి' అన్న చోట మాత్రం రెండేసి మూడేసి వరుసలు ఉన్నాయి. కొందరికి చోటు చాలక వెనక్కి తిప్పి రాశారు. మన దగ్గర తమ బాధ చెప్పుకోవడానికి వాళ్లకు అభ్యంతరం లేదు. తమ దగ్గరికి వచ్చే దారి మన చేతిలో పెట్టడానికే వెనకాడారు. ఈ తేడా ముందే చూసి ఉంటే కార్డు వేరేగా వేసేవాళ్లం.

పాస్టరు గారికి చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కొత్త కార్డు వేద్దాం అమ్మా. కానీ వేసేముందు ఇవి ఇక్కడ ఎందుకు ఆగిపోయాయో కనుక్కోండి" అన్నారు.

రెండో వారం

ఎందుకు ఆగాయో కనుక్కోవడం కష్టం కాలేదు. ఆరాధన అయ్యాక కార్డులు తీసుకున్నవాళ్లు వాటిని బల్ల మీద పెట్టేవారు, బల్ల సర్దేవాళ్లు బీరువాలో పెట్టేవారు. ఫోన్ చేయాల్సింది ఫలానా మనిషి అని ఎక్కడా లేదు. అందరి పని కాబట్టి ఎవరి పనీ కాలేదు. ఒక నోటు పుస్తకంలో నాలుగు గీతలు గీశాను: కార్డు వచ్చిన రోజు, ఎవరు మాట్లాడతారు, ఎప్పుడు మాట్లాడారు, మళ్లీ ఎప్పుడు. రెండో గడి నిండకుండా ఏ కార్డూ బల్ల దాటకూడదని నియమం. ఆరాధన ముగిసిన 48 గంటల లోపు మొదటి పలకరింపు.

పాత కార్డులో 11 ప్రశ్నలు ఉన్నాయి: వయసు, పెళ్లి అయిందా, ఉద్యోగం, బాప్తిస్మం తీసుకున్నారా, ఏ సంఘం నుంచి వచ్చారు... మొదటిసారి గడప తొక్కిన మనిషిని ఇవన్నీ అడిగామంటే నాకే బాధగా అనిపించింది. టీమ్‌లో ఒక అన్న ఒప్పుకోలేదు. "ఈ వివరాలు లేకపోతే ఎవరిని ఏ గ్రూపులో చేర్చాలో ఎలా తెలుస్తుంది?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. ఆ మాటలు రెండోసారి మూడోసారి కలిసినప్పుడు ఎదురెదురుగా కూర్చుని తెలుసుకుందామని చెప్పాను. చివరికి మూడు మిగిలాయి. మీ పేరు. మేం మీకోసం ఏమని ప్రార్థించాలి? మిమ్మల్ని పలకరించమంటారా, అయితే ఎలా?

ప్రార్థన ప్రశ్నను ఫోన్ నంబరు కంటే పైకి తెచ్చాం. పాత కట్టలు నేర్పింది అదే.

మూడో వారం

ముద్రణ పని. పాత కార్డు రెండు వైపులా నిగనిగలాడే లామినేషన్ వేసింది, చూడ్డానికి బాగుంటుంది గానీ బాల్‌పెన్ను జారిపోతుంది, పడిన ఇంకు బొటనవేలికి అంటుతుంది. కట్టల్లో సగం కార్డులు కూడబలుక్కుని చదవాల్సి రావడానికి కారణం అదే. ఈసారి పూత లేని మందపాటి కాగితం, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), పోస్టుకార్డంత ఏ6 సైజు. వరుసకూ వరుసకూ మధ్య దాదాపు సెంటీమీటరు. తెలుగు చేతిరాతకు పైన గుడులూ కింద ఒత్తులూ ఉంటాయి కదా, ఇంగ్లీషు ఫారం కొలతతో గీసిన గీతల్లో మన అక్షరం ఇరుక్కుంటుంది.

దీనితోపాటు రెండో కార్డు ఒకటి. ఇది నింపి ఇచ్చేది కాదు, తీసుకుని వెళ్లేది, జేబులో పట్టేంత చిన్నది. ముందువైపు ఒకే వాక్యం: "మీకోసం ప్రార్థించమంటారా?" వెనక ఒక ఫోన్ నంబరు, ఆరాధన వేళలు, ఒక క్యూఆర్ కోడు. ఆసుపత్రి దగ్గర పరిచర్యకు వెళ్లే అక్కలు దీన్ని మొదట పట్టించుకోలేదు, కరపత్రాలు ఉన్నాయి కదా అన్నారు. తర్వాత వాళ్లే ఎక్కువ అడిగారు. కరపత్రం మన మాట చెప్పి ముగుస్తుంది. ఈ కార్డు అవతలివాళ్లకు మాట మొదలుపెట్టే వీలు ఇస్తుంది.

నాలుగో వారం

క్యూఆర్ పని మా టీమ్‌లోని తమ్ముడు భుజాన వేసుకున్నాడు. జపాన్‌లోని డెన్సో వేవ్ అనే సంస్థ 1994లో ఈ కోడును తయారు చేసింది వాహనాల విడిభాగాలను లెక్క పెట్టుకోవడానికట. అందుకే మరకలు పడినా చదవగలిగేలా పెట్టారు. కోడులో కొంత భాగం పాడైనా మిగతాదాని నుంచి సమాచారం తిరిగి పోగు చేసుకోవచ్చు: నాలుగు స్థాయిలు ఉన్నాయి, సుమారు 7, 15, 25, 30 శాతం. మధ్యలో సంఘం గుర్తు పెట్టాలంటే పై స్థాయి ఎంచుకోవాలి, అప్పుడు కోడులోని చిన్న నలుపు తెలుపు గడులు పెరుగుతాయి. గుర్తు వద్దనుకున్నాం, 15 శాతం స్థాయి చాలనుకున్నాం.

మొదట తయారు చేసిన కోడులో వాట్సాప్ లింకు పెట్టాడు. స్కాన్ చేయగానే మన నంబరుతో సంభాషణ తెరుచుకుంటుంది, ముందే రాసిపెట్టిన మాట కూడా అందులో సిద్ధంగా ఉంటుంది. మా మాట "వందనాలు". కోడు మాత్రం చిక్కగా వచ్చింది, పాత ఫోన్లు చదవలేదు. ఎందుకో వెతికితే కారణం మన లిపి దగ్గర తేలింది. 'వందనాలు' మనకు నాలుగు అక్షరాలే. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడు పద్ధతిలో సున్నా, గుణింతపు గుర్తులు విడిగా లెక్క కాబట్టి 7 సంకేతాలు. లింకులోకి వెళ్లేటప్పుడు ఒక్కో సంకేతం 9 గుర్తులుగా మారుతుంది, అంటే మొత్తం 63. ఆ మాట లేకుండా, దేశం కోడుతో కలిపి 12 అంకెల నంబరుతో లింకు 26 గుర్తులే; కోడు 25×25 గడుల్లో సరిపోతుంది. మాట చేర్చేసరికి 41×41. కార్డు మీద కోడుకు ఉన్న చోటు 2 సెంటీమీటర్లు. ఒక్కో గడి 0.8 మిల్లీమీటర్ల నుంచి అర మిల్లీమీటరుకు కుంచించుకుపోయింది.

ముందే రాసిపెట్టిన మాట తీసేశాం. ఇప్పుడు ఆలోచిస్తే అదే మేలైంది. మొదటి మాట వాళ్లదే అయి ఉండాలి.

డిజైన్ చేసిన అమ్మాయి ముదురు నీలం రంగును కోడు అంచుదాకా తెచ్చింది. చూడముచ్చటగా ఉంది, స్కాన్ కాలేదు. చుట్టూ నాలుగు గడుల వెడల్పున తెల్లటి ఖాళీ వదలడం కోడు ప్రమాణంలోనే ఉంది. ప్రెస్సుకు ఇచ్చేముందు అసలు సైజులో ఒక కాపీ తీసి, మసక వెలుతురులో, గీతలు పడిన కెమెరా ఉన్న ఫోనుతో చూడమని ఎవరు అడిగినా చెబుతాను. మేం అలా చూడబట్టే ఈ ఒక్క తప్పు నుంచి బయటపడ్డాం. తర్వాతి తప్పు నుంచి బయటపడలేదు.

ఆరో వారం

ఆదివారం ఉదయం తమ్ముడు పాలిపోయిన మొహంతో వచ్చాడు. నింపే కార్డు మీద, ఆన్‌లైన్ ఫారానికి వెళ్లే కోడు వేరేగా ఉంది. దాన్ని స్కాన్ చేస్తే ఫారం రావడం లేదు, 'మీ ఉచిత గడువు ముగిసింది' అన్న పేజీ వస్తోంది. కోడు ఎక్కడికి తీసుకెళ్లాలో తర్వాత మార్చుకునే సౌకర్యం ఉందని ఒక ఉచిత సేవలో చేయించుకున్నాం. అలాంటి కోడులో మన చిరునామా ఉండదు, వాళ్ల చిరునామా ఉంటుంది. వాళ్లు దారి మూస్తే మన కార్డులన్నీ చచ్చుబడతాయి. పెట్టెలో మిగిలిన కార్డులన్నిటిమీదా కొత్త కోడు స్టిక్కర్లు అంటించాం. ముగ్గురం, రెండు సాయంత్రాలు.

ఇప్పుడు కోడులో ఉన్నది మా సంఘం సొంత వెబ్‌సైటులోని చిన్న చిరునామా. అక్కడి నుంచి ఫారానికి దారి మళ్లించాం. ఫారం మారితే ఆ మళ్లింపు మార్చుకుంటే చాలు, కార్డు ముట్టుకోనక్కర్లేదు. కోడు కింద ఆ చిరునామాను అక్షరాల్లో కూడా వేయించాం.

ప్రకటనల సమయంలో తెర మీద కూడా కోడు చూపించాం. వెనక వరుసల్లో ఎవరికీ పట్టలేదు. స్కాన్ చేసే దూరంలో కనీసం పదో వంతు వెడల్పు కోడుకు ఉండాలన్నది ఒక అంచనా; పది మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకు మీటరు వెడల్పు కావాలి. పైగా ఫోను తీసి, లాకు విప్పి, కెమెరా తెరిచేలోపు స్లయిడు మారిపోయింది. ఇప్పుడు చివరి ప్రార్థన తర్వాత తెర మీద అదొక్కటే ఉంచి అందరూ బయటికి వెళ్లేదాకా తీయడం లేదు.

ఎన్ఎఫ్‌సీ స్టిక్కరు కూడా ఒకటి ప్రయత్నించాం, ఫోను దగ్గర పెడితే చాలు లింకు తెరుచుకునేది. స్వాగత బల్ల ఇనుప బల్ల. లోహం మీద మామూలు స్టిక్కరు పని చేయదు, లోహం ప్రభావాన్ని అడ్డుకునే ఫెరైట్ పొర వెనక ఉన్నది కావాలి. చెక్క ఫలకం మీద అంటించాక పని చేసింది. కానీ ఫోను ఎక్కడ తాకించాలో ప్రతి మనిషికీ చూపించాల్సి వచ్చింది. పక్కన పెట్టేశాం.

ఎనిమిదో వారం

ఈ వారం గురించి రాయడానికి మనసు ఒప్పడం లేదు. అయినా రాయాలి.

ఫారంలో వచ్చిన జవాబులన్నీ ఒక షీటులో చేరతాయి. వాలంటీర్లు అందరూ చూడగలిగేలా, లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకునేలా అనుమతి పెట్టి, ఆ లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పెట్టింది నేనే. ఒక చెల్లి తన ఇంటి పరిస్థితి గురించి ప్రార్థన మనవిలో రాసింది. అది ఎవరో చదివి, ఇంకెవరితోనో "ఆమె కోసం కూడా ప్రార్థన చేయండి" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. కానీ ఆ మాట తిరిగి తిరిగి ఆ చెల్లి చెవిన పడింది.

పాస్టరు గారూ నేనూ వెళ్లి క్షమించమని అడిగాం. ఆమె కోప్పడలేదు. "మీ ఒక్కరికే చెబుతున్నాననుకున్నాను అక్కా" అంది. ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

కార్డు మీద రాసేటప్పుడు మనిషి ఒకరికి చెబుతున్నాననుకుంటాడు. ఫారం నింపేటప్పుడూ అంతే. అవతల ఎంతమంది ఉన్నారో అతనికి కనబడదు, ఆ తెర ఇవతలివైపు ఉన్న మనమే చెప్పాలి. ఐరోపా సమాఖ్యలో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం మతవిశ్వాసాన్నీ ఆరోగ్యాన్నీ తెలిపే వివరాలను ప్రత్యేక రక్షణ కావలసిన కోవలో పెట్టింది. మన కార్డు మీద ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. చట్టం ఉన్నచోటైనా లేనిచోటైనా అవి అంతే సున్నితమైనవి.

మార్చినవి ఇవి. ప్రార్థన మనవులు వేరే షీటులోకి వెళ్తాయి, పాస్టరు గారూ నేనూ తప్ప ఎవరూ తెరవలేరు. ఫోన్ చేసే వాలంటీరుకు పేరూ నంబరూ మాత్రమే అందుతాయి. కార్డు మీద ఒక వరుస చేర్చాం: "మీరు రాసింది ఇద్దరే చదువుతారు. ప్రార్థన కూడికలో చెప్పమంటే ఇక్కడ టిక్ పెట్టండి." కాగితం కార్డులు మూడు నెలల తర్వాత చింపేస్తాం. బీరువాలోని పాత కట్టలు కూడా అలాగే చింపాం, ఒక్కొక్కటీ పేరు చదివి ప్రార్థన చేసి.

తొమ్మిదో వారం

మరో చిక్కు. మొదటి వారాల్లో నంబరు ఇచ్చిన కొత్తవాళ్లను నేరుగా సంఘం గ్రూపులో చేర్చేవాళ్లం. చేర్చగానే వాళ్ల నంబరు గ్రూపులో ఉన్న అందరికీ కనబడుతుంది. ఒకాయనకు ఆ రోజే మూడు ఫోన్లు వెళ్లాయట, అన్నీ ప్రేమతోనే. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు.

బదులుగా బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడాం. ఎవరికీ మరొకరి నంబరు కనబడదు. కానీ కూడిక వాయిదా పడిందని పంపిన కబురు కొత్తవాళ్లకు అందనే లేదు. వాళ్లు మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకుని ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ వాళ్లకు చేరుతుంది. మూసి ఉన్న మందిరం దాకా వచ్చి తిరిగి వెళ్లినవాళ్లు ఉన్నారు. కాబట్టి ఇప్పుడు మొదటి పలకరింపులోనే, "కబుర్లు కావాలంటే ఈ నంబరు సేవ్ చేసుకోండి, వద్దంటే చేసుకోకండి" అని చెబుతున్నాం. మన కబురు కావాలో వద్దో తేల్చుకోవడం పూర్తిగా వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. వాట్సాప్ ఏ ఉద్దేశంతో అలా పెట్టిందో గానీ నాకది నచ్చింది.

అందుకే మన నంబరు ఒక్క స్కానుతో సేవ్ అయ్యే కోడు కూడా చేద్దామన్నాడు తమ్ముడు, వీకార్డు అంటారు. ప్రార్థన పరిచర్య అక్క ఒకావిడ ఆపింది. "అది సంఘం పేరుతో సేవ్ అవుతుంది కదా తమ్ముడూ. ఆ ఫోను ఇంట్లో ఇంకెవరు చూస్తారో మనకేం తెలుసు?"

ఆమె అలా అనడానికి ఒక కారణం ఉంది. అంతకుముందు వారం ఆసుపత్రి దగ్గర ఒకామె జేబు కార్డు తీసుకుని, రెండు నిమిషాల తర్వాత వెనక్కి వచ్చి తిరిగి ఇచ్చేసింది. వద్దని కాదు. "ఇది ఇంటికి తీసుకెళ్లలేనమ్మా" అంది. తర్వాత నంబరు మూడుసార్లు పైకి చదివి, తన ఫోనులో వేరే పేరుతో రాసుకుంది. ఏం పేరో అక్క అడగలేదు.

అప్పటి నుంచి మా మూడో ప్రశ్న మారింది. 'మిమ్మల్ని పలకరించమంటారా' అన్నదాని కింద నాలుగు గడులు: ఫోను చేయండి, మెసేజి పెట్టండి, నేనే చేస్తాను, ఇప్పుడు వద్దు. వాటి కింద, "ఈ ఫోను మీ ఒక్కరిదేనా? ఏ వేళలో చేస్తే మీకు ఇబ్బంది ఉండదు?" మెసేజి పెట్టేటప్పుడు మొదటి వరుసలో సంఘం పేరు గానీ ప్రార్థన సంగతి గానీ ఉండకూడదని వాలంటీర్లకు చెప్పాం, లాకు వేసిన తెర మీద కూడా ఆ వరుస కనబడుతుంది. "నమస్తే, ఆదివారం కలిశాం, వీలున్నప్పుడు మాట్లాడదాం" చాలు.

'నేనే చేస్తాను' గడిలో టిక్ పెట్టేవాళ్లు రాను రాను ఎక్కువవుతున్నారు. అది మర్యాదగా వద్దనడమేమో అని మొదట అనుకున్నాను. కొందరి విషయంలో అంతే కావచ్చు. కానీ కొందరు నిజంగానే చేస్తున్నారు, వారానికో నెలకో. వాళ్లు చేసే సమయాలు మనం ఎన్నడూ ఎంచుకునేవి కావు.

పదకొండో వారం

టైపు చేసిన మెసేజీల కంటే గొంతు సందేశాలే ఎక్కువ వస్తున్నాయి. తెలుగు కీబోర్డు రానివాళ్లు, రాయడం రానివాళ్లు, రాస్తే మాట సరిపోనివాళ్లు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడేస్తున్నారు. ఒక పెద్దాయన సందేశంలో మొదటి అర నిమిషం మాటే లేదు, ఊపిరి చప్పుడు మాత్రమే ఉంది. ఏ ఫారంలో అయినా ఆ అర నిమిషం ఖాళీ గడిగా వచ్చేది.

దానికి టైపు చేసి జవాబు పంపబోయి ఆగాను. నేనూ మైకు నొక్కి, ఆయన పేరు పలికి, అక్కడే ప్రార్థన చేసి పంపాను.

కాగితం కార్డు ఆపేద్దామా అని టీమ్‌లో చర్చ జరిగింది. తమ్ముడే వద్దన్నాడు, ఆ మాట అతని నోట వస్తుందనుకోలేదు. స్వాగత బల్ల దగ్గర నిలబడి చూశాడట: కార్డూ పెన్నూ చేతికిస్తే మనిషి పక్కన కూర్చుంటాడు, నింపేలోపు రెండు మాటలు కలుస్తాయి. కోడు చూపిస్తే తల వంచుకుని ఫోనులోకి వెళ్లిపోతాడు. ఎదురుగా మనిషి ఉన్నచోట కాగితం, మనిషి లేనిచోట కోడు. అలాగే పెట్టుకున్నాం.

పన్నెండో వారం

రెండో ముద్రణకు ప్రూఫు వచ్చింది. నంబరు అక్షరాల సైజు పెంచమన్నాను, కళ్లద్దాలు లేకుండా పాస్టరు గారి అమ్మగారు చదవగలిగేంత. 'ఇద్దరే చదువుతారు' వరుసను అట్టడుగు నుంచి పైకి, ప్రార్థన గడి పక్కకే జరిపించాను. జేబు కార్డులో కొన్నిటి మీద సంఘం పేరు లేకుండా నంబరు, ఆ ఒక్క వాక్యం మాత్రమే వేయిస్తున్నాం, ఇంటికి తీసుకెళ్లలేనివాళ్ల కోసం.

నోటు పుస్తకంలో రెండో గడి ఖాళీగా ఉన్న కార్డులు ఈ వారం రెండు. రెండూ నేను తీసుకున్నాను. ఆ చెల్లి పోయిన ఆదివారం వచ్చింది, వెనక వరుసలో కూర్చుంది. నేను దగ్గరికి వెళ్లలేదు. వెళ్లేటప్పుడు తనే ఆగి, "ఈసారి కార్డు నింపలేదక్కా, తర్వాత మీతో మాట్లాడతాను" అంది. సరేనన్నాను.

సంఘం ఫోను రాత్రుళ్లు వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో ఉంటోంది. సోమవారం నుంచి నా వంతు. ఛార్జరు పని చేయడం లేదని చెప్పారు, కొత్తది తేవాలి.